పియానో సాధన: ఈ రోజుకి రెండు బార్లు చాలు

కొత్త కీబోర్డ్ ఇంటికొచ్చిన మొదటి వారం రోజుకి రెండు గంటలు. రెండో వారం అరగంట. నెల తిరిగేసరికి దాని మీద దుప్పటి. మనది ఆరంభశూరత్వమని అందరూ తేల్చేస్తారు గానీ, నా లెక్కలో ఇది బద్ధకం కాదు. చాలామంది సాధన చేసే తీరులోనే విసుగు ఉంది.

ఆ తీరు ఇలా ఉంటుంది. పాట మొదటినుంచి ఎత్తుకుంటారు. ఆరు బార్లు, అంటే నోట్స్‌లో నిలువు గీతల మధ్య ఉండే గడులు, బాగానే నడుస్తాయి. ఏడో బార్‌లో వేలు తడబడుతుంది. అయ్యో అని మళ్లీ మొదటికి. మళ్లీ ఆరు బార్లు, మళ్లీ ఏడో బార్‌లో అదే వేలు, అదే తప్పు. ఇలా పదిసార్లు చేస్తే, వచ్చిన బార్లని పదిసార్లు వాయించినట్టు, రాని బార్‌ని పదిసార్లు తప్పుగా వాయించినట్టు. చేతికి తప్పొప్పులు తెలియవు. ఏది ఎక్కువసార్లు చేయిస్తే దాన్నే అలవాటు చేసుకుంటుంది. అరగంట తర్వాత లేచేటప్పుడు చెవిలో మిగిలేది కూడా ఆ తప్పే. మర్నాడు మళ్లీ ఎవరికి కూర్చోబుద్ధవుతుంది?

అందుకే ముక్క చిన్నదవ్వాలి. రెండు బార్లు. నాలుగు బీట్ల పాటలో రెండు బార్లంటే ఎనిమిది బీట్లు, మన ఆదితాళంలో ఒక ఆవర్తనం అంత. ఇవాళ మొదలుపెట్టి ఇవాళే పూర్తి చేయగలిగినంత. అది శుభ్రంగా పలికిందని మన చెవికే తెలిసిన క్షణం ఉంటుంది చూడండి, రేపు మళ్లీ కూర్చోబెట్టేది అదే.

రాని చోటుని వెతికేటప్పుడు తప్పు పలికిన నోట్ దగ్గర ఆగిపోకండి, దాని ముందు నోట్‌ని చూడండి. జబ్బు సాధారణంగా అక్కడ ఉంటుంది. తెల్ల కీల పేర్లు వరసగా సి, డి, ఇ, ఎఫ్, జి, ఎ, బి. కుడిచేత్తో జి నోట్‌ని చిటికెనవేలితో నొక్కేశారనుకోండి, తర్వాత పైన ఎ వస్తే నొక్కడానికి వేలే మిగలదు. ఎ తప్పు పోయిందని ఎ ని పదిసార్లు నొక్కితే ఏం లాభం? జి మీద వేలు మార్చాలి. వేళ్ల నంబర్లు రెండు చేతులకీ ఒకటే: బొటనవేలు 1, చిటికెనవేలు 5. ఆ నంబరుని పెన్సిల్‌తో నోట్ పక్కన రాసుకోండి, కానీ చెయ్యి చోటు మారే దగ్గర మాత్రమే. ప్రతి నోట్‌కీ రాస్తే కళ్లు అంకెల్నే చదువుతాయి, నోట్స్ చదవడం ఎప్పటికీ రాదు.

ఇక వేగం. టిక్ టిక్ అంటూ లయ చెప్పే మెట్రోనోమ్‌ని 60 మీద పెట్టండి, అంటే సెకనుకొక బీట్. చాలా కీబోర్డుల్లో మెట్రోనోమ్ లోపలే ఉంటుంది, లేకపోతే ఫోన్‌లో ఉచితంగా దొరుకుతుంది. ముందు కుడిచెయ్యి ఒక్కటే, తర్వాత ఎడమచెయ్యి ఒక్కటే. వరసగా మూడుసార్లు తప్పులేకుండా వస్తే 64 కి వెళ్లండి. మళ్లీ మూడుసార్లు, 68. అలా నాలుగేసి చొప్పున పెంచుతూ పోతే 72 దగ్గర చెయ్యి చెదిరిందనుకోండి, 68 కి కాదు, 64 కి దిగండి. ఒక్క మెట్టే దిగితే చేతిలో కంగారు తగ్గదు. ఆ రోజు ఆఖరిసారి నెమ్మదిగా, తప్పులేకుండా వాయించి లేవాలి. రాత్రి నిద్రలో చేతి అలవాటు గట్టిపడుతుంది కాబట్టి, నిన్న రానిది ఇవాళ పొద్దున దానంతటదే రావడం చూస్తారు. ఆ గట్టిపడేది సరైనదే అయ్యుండాలి.

రెండు చేతులూ కలపడం దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. విడివిడిగా 72 లో వచ్చింది కదా అని కలిపి కూడా 72 లోనే మొదలుపెడతారు. కలిపితే అది కొత్త పని. సగానికి దించాలి, 36 కి. ఆ వేగంలో మెట్రోనోమ్ టిక్కుల మధ్య దూరం మరీ ఎక్కువై పట్టు దొరక్కపోతే, 72 లోనే ఉంచి ఒక్కో బీట్‌కి రెండేసి టిక్కులు లెక్కపెట్టుకోండి. అంతకన్నా ముందు ఒక పని: కీలు ముట్టుకోకుండా రెండు చేతులతో తొడల మీద తాళం వేయండి. కుడిచెయ్యి ప్రతి బీట్‌కీ, ఎడమచెయ్యి రెండు బీట్లకోసారి, నోటితో ఒకటి రెండు మూడు నాలుగు. తొడల మీద రాని లయ కీల మీద రాదు. అక్కడ కుదిరాక కీల మీదకొచ్చి, ఒక బీట్, దాని తర్వాతి బీట్‌లో మొదటి నోట్ వరకూ వాయించి ఆగండి. మళ్లీ అదే. తర్వాత రెండో బీట్ నుంచి మూడో బీట్ మొదటి నోట్ వరకూ. ముక్కలు ఇలా ఒకదాని మీదొకటి ఎక్కుతూ ఉండాలి. బీట్ దగ్గరే కచ్చితంగా తెంచేస్తే అతుకుల దగ్గర ఆగుతూ ఆగుతూ పలుకుతుంది.

ఒక్క చోటుని మాత్రం బాగా దగ్గర్నుంచి చూద్దాం. సి మేజర్ స్కేల్, అంటే సి నుంచి పై సి దాకా తెల్ల కీలు వరసగా, కుడిచేత్తో 1-2-3-1-2-3-4-5. మూడో నోట్ ఇ మీద మధ్యవేలు ఉండగా, బొటనవేలు అరచేతి కిందనుంచి దూరి ఎఫ్ నొక్కాలి. కొత్తవాళ్లందరికీ ఇక్కడ జరిగేది ఒకటే: మోచెయ్యి పక్కకి లేస్తుంది, మణికట్టు మెలి తిరుగుతుంది, ఎఫ్ ఠంగుమని మిగతావాటికన్నా గట్టిగా మోగుతుంది. ఎందుకంటే బొటనవేలు తన వంతు వచ్చేదాకా సి మీదే కూర్చుని, చివరి క్షణంలో దూకుతుంది. దూకితే బరువంతా పడుతుంది. అది ముందే బయల్దేరాలి. చూపుడువేలు డి నొక్కేసరికి బొటనవేలు దాని కిందకి వచ్చి ఉండాలి, మధ్యవేలు ఇ నొక్కేసరికి ఎఫ్ పైన తయారుగా నిలబడి ఉండాలి. అప్పుడు దూకాల్సిన పని లేదు, ఊరికే దిగితే చాలు.

దీనికి స్కేల్ అంతా అక్కర్లేదు. ఇ, ఎఫ్, ఇ, ఎఫ్ అని 3-1-3-1 వేళ్లతో పదిసార్లు. తర్వాత డి-ఇ-ఎఫ్-జి, 2-3-1-2 తో. చూపు బొటనవేలి మీద కాదు, మోచేతి మీద పెట్టండి, అది కదలకూడదు. తర్వాత కళ్లు మూసుకుని వినండి. బొటనవేలు ఎక్కడ పడిందో చెవికి తెలియకపోతే వచ్చేసినట్టే. ఎడమచేతికి పైకి వెళ్లేటప్పుడు 5-4-3-2-1-3-2-1, అక్కడ బొటనవేలి మీదుగా మధ్యవేలు దాటుతుంది. దిగేటప్పుడు అదే వరస వెనక్కి.

చిన్నప్పుడు కొంచెమైనా సంగీతం నేర్చుకున్నవాళ్లకి ఇక్కడ ఒక మంచి సదుపాయం ఉంది. సి ని షడ్జమం అనుకుంటే సి మేజర్ అంటే శంకరాభరణం స్వరాలే. సరళీ వరసలు నేర్పే మాయామాళవగౌళ కావాలంటే డి, ఎ రెండిటినీ వాటి ఎడమ పక్క నల్ల కీలకి మార్చండి: సి, డి ఫ్లాట్, ఇ, ఎఫ్, జి, ఎ ఫ్లాట్, బి, సి. వేళ్లు కూడా సి మేజర్ వేళ్లే, ఎందుకంటే బొటనవేలు పడే సి, ఎఫ్ రెండూ తెల్ల కీలుగానే ఉన్నాయి. సరళీ వరసలు, జంట వరసలు మూడు కాలాల్లో వాయించండి: మొదటి కాలంలో బీట్‌కొక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. మెట్రోనోమ్ మాత్రం ఒక్కచోటే ఉంటుంది, చెయ్యే రెట్టింపవుతుంది. వేళ్ల కసరత్తుకి దీనికి మించినది నాకు తెలీదు, పైగా చెవికి అలవాటైన వరస కాబట్టి తప్పు పడితే వెంటనే దొరికిపోతుంది. స్వరాన్ని ఊపే గమకాలు పియానో మీద రావు, కాబట్టి రాగం పలికిందని అనుకోవద్దు. మనక్కావాల్సింది వేళ్లు, అంతే.

ఎడమచేతికి మూడు కార్డ్స్, అంటే ఒకేసారి నొక్కే మూడేసి నోట్లు, వస్తే చాలా పాటలకి తోడు వాయించొచ్చు. సి కార్డ్: సి-ఇ-జి, వేళ్లు 5-3-1. ఎఫ్ కార్డ్ కోసం చెయ్యంతా ఎత్తి ఎఫ్ దగ్గరికి గెంతొద్దు. చిటికెనవేలు సి మీదే ఉంచి సి-ఎఫ్-ఎ, 5-2-1. జి సెవెన్‌కి చిటికెనవేలు ఒక్క మెట్టు కిందకి జరిపి బి-ఎఫ్-జి, ఇదీ 5-2-1. మూడిట్లోనూ చెయ్యి జానెడు చోటు దాటి పోదు, కీల వైపు చూడాల్సిన పనీ ఉండదు. సి, ఎఫ్, సి, జి సెవెన్, సి అని ఒక్కోటి నాలుగు బీట్లు. మూడు నోట్లూ ఒకేసారి పడుతున్నాయా, లేక ఒకటి వెనకబడుతోందా అని వినండి. సాధారణంగా వెనకబడేది చిటికెనవేలు.

కూర్చునే ఎత్తు గురించి ఎవరూ చెప్పరు, భుజాల నొప్పి మాత్రం అందరికీ వస్తుంది. మామూలు పియానోలో కీలు నేలనుంచి సుమారు 72, 73 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి. మనం కీబోర్డ్‌ని డైనింగ్ టేబుల్ మీద పెడతాం. టేబుల్ ఎత్తే దాదాపు 75, పైన కీబోర్డ్ మందం. కీలు 80 దాటిపోతాయి. భుజాలు చెవులదాకా లేస్తాయి, పావుగంటలో మెడ పట్టేస్తుంది, తప్పు సాధన మీదకి పోతుంది. ఎత్తు మార్చుకునే స్టాండ్ కొనండి. అది కుదరకపోతే కుర్చీ మీద గట్టి దిండ్లు వేసి, పాదాలు వేలాడకుండా కింద పీట పెట్టుకోండి. మోచెయ్యి కీలతో సమంగానో, ఒక వేలెడు పైనో ఉండాలి. గోళ్లు తీసేసుకోవాలి, లేకపోతే వేలు వంచలేక బల్లపరుపుగా పడుతుంది. ముంజేయి లాగితే, నొప్పి పుడితే ఆపేయండి. ఉంగరపువేలు మిగతావాటంత స్వేచ్ఛగా లేవదు, దాని స్నాయువులు పక్క వేళ్లతో ముడిపడి ఉంటాయి. దాన్ని బలవంతంగా పైకెత్తే కసరత్తులు కొత్తవాళ్లకి వద్దు.

వాయిద్యం విషయంలో నా పట్టుదల ఒక్కదాని మీదే: టచ్ రెస్పాన్స్ ఉండాలి, అంటే మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలకాలి. 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో క్రిస్టోఫోరి అనే వాయిద్యాల తయారీదారు పియానోని తయారుచేసింది అందుకోసమే, అంతకుముందున్న కీల వాయిద్యం హార్ప్సికార్డ్ మీద ఎలా నొక్కినా శబ్దం దాదాపు ఒకేలా వస్తుంది కాబట్టి. టచ్ లేని కీబోర్డ్ మీద సాధన చేస్తే బొటనవేలి ఠంగు వినబడనే వినబడదు, ఇక దిద్దుకునేదెలా? మొదటి ఏడాదికి 61 కీలు సరిపోతాయి. ఆ తర్వాత 88 వెయిటెడ్ కీలున్న, అంటే అసలు పియానోలా బరువుగా దిగే కీలున్న, డిజిటల్ పియానో గురించి ఆలోచించవచ్చు.

కీలన్నిటి శ్రుతినీ ఒకేసారి పైకీ కిందకీ మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ సున్నా మీదే ఉండాలి. చర్చిలో, ఆర్కెస్ట్రాలో పాడేవాళ్ల శ్రుతికి తగ్గట్టు వాయించేవాళ్లకి అది కావాలి. నేర్చుకునేవాళ్లు దాన్ని మారిస్తే కంటికి కనబడే సి, చెవికి వినబడే సి వేరైపోతాయి. అపార్ట్‌మెంట్‌లో రాత్రిపూట హెడ్‌ఫోన్స్ తప్పవు, వైరున్నవే వాడండి. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుంది, లయ పాడవుతుంది. కీ వదిలేశాక కూడా నోట్‌ని మోగిస్తూ ఉంచే సస్టెయిన్ పెడల్‌ని మొదటి రెండు మూడు నెలలు పక్కన పెట్టేయండి, అది అన్ని తప్పుల్నీ కలిపి గుజ్జు చేసి దాచేస్తుంది. తర్వాత పెట్టుకున్నప్పుడు, తొక్కితే ఆగి వదిలితే మోగుతూ ఉంటే పెడల్ పాడైందని కంగారుపడొద్దు. కీబోర్డ్ ఆన్ చేసేటప్పుడు పెడల్ మీద కాలుండి ఉంటుంది. ఆపి, కాలు తీసి, మళ్లీ ఆన్ చేస్తే మామూలుగా సరిపోతుంది. పెడల్ టైల్స్ మీద జారిపోతుంటే కింద రబ్బరు మ్యాట్.

ఇవన్నీ రోజుకి 25 నిమిషాల్లో పడతాయి. ఐదు నిమిషాలు వరసలు. పది, పన్నెండు నిమిషాలు ఆ రెండు బార్లు, ఇదే అసలు పని, బుర్ర తాజాగా ఉన్నప్పుడే చేయాలి. మూడు నాలుగు నిమిషాలు ఎప్పుడూ చూడని తేలిక నోట్స్ ఏవైనా ఆగకుండా చదువుతూ వాయించడం, తప్పొచ్చినా ముందుకే. మిగిలినది మీ ఇష్టం: వచ్చిన పాట పూర్తిగా వాయించండి, మోహన రాగం స్వరాలు సి, డి, ఇ, జి, ఎ ఐదింటి మీద కుడిచెయ్యి ఎటు పోతే అటు పోనివ్వండి, ఎడమచేత్తో సి, జి పట్టుకుని ఉంటే ఏ నోట్ మీద ఆగినా చెవికి ఇంపుగానే ఉంటుంది. ఈ ఆఖరి ఐదు నిమిషాల్ని తినుబండారంలా చూడకండి, సాధనలో భాగమే. వేళ్లు భయం లేకుండా కదిలేది అక్కడే.

ఒక పూట తప్పిపోతే మర్నాడు 50 నిమిషాలు కూర్చోవద్దు, మళ్లీ 25 నిమిషాలే. టైం అసలు లేని రోజు ఆ రెండు బార్లు మూడుసార్లు వాయించి లేవండి, రెండు నిమిషాల పని. కీబోర్డ్ బీరువా మీద కవర్లో కాకుండా స్టాండ్ మీద, ప్లగ్ పెట్టి ఉండాలి. దుమ్ము పడకుండా ఒక పల్చటి గుడ్డ చాలు. తీసి బిగించడానికి ఐదు నిమిషాలు పట్టే వస్తువుని రోజూ ఎవరూ ముట్టుకోరు.

స్టాండ్ మీద ఒక చిన్న పుస్తకం, పెన్సిల్ ఉంచుకోండి. లేచేముందు ఒక్క వాక్యం రాయాలి, "బాగా చేశాను" లాంటిది కాదు, రేపు చెయ్యి ఎక్కడ పెట్టాలో చెప్పేది: ఏడో బార్, మూడో బీట్, ఎడమచెయ్యి 5-2-1, వేగం 64.