హాగరు పెట్టిన పేరు

బైబిల్ స్థలాల యాత్రకు వెళ్లిన మా గుంపు బస్సు ఈజిప్టులో సూయజ్ కాలువ కింద సొరంగం దాటి పైకి వచ్చేసరికి రెండు పక్కలా ఎడారే. ముందు సీట్లో ఉన్న మా పాస్టర్ గారు మైకు తీసుకుని, "నిర్గమకాండం పదిహేను, ఇరవై రెండు తీయండి. మనం ఇప్పుడు షూరు అరణ్యంలో ఉన్నాం" అన్నారు. వెనక నుంచి ఎవరో "స్తోత్రం" అన్నారు. నాకైతే ఒళ్లు జలదరించింది.

బయలుదేరే ముందే ఆయన మాకో పని అప్పగించారు. దారిలో వచ్చే ఒక్కో చోట దేవునికి ఏ పేరు వచ్చిందో, అది ఎవరి నోట వచ్చిందో చదివి రాసుకోమన్నారు. మన సంఘాల్లో ప్రార్థన మొదలైతే యెహోవా యీరే (చూచుకొనేవాడు), యెహోవా నిస్సీ (నా ధ్వజం), యెహోవా రాఫా (స్వస్థపరచేవాడు), ఎల్ షద్దాయ్ (సర్వశక్తిగల దేవుడు) అంటూ పేర్లన్నీ ఒక్క ఊపిరిలో వస్తాయి. ఆటోల వెనక, కిరాణా కొట్ల బోర్డుల మీద కూడా అవే కనిపిస్తాయి. చిన్నప్పటి నుంచి వింటున్న ఆ పేర్లలో ఒక్కోదాని వెనక ఒక్కో మనిషి కష్టం ఉందని నాకు మనసుకు తగిలింది మాత్రం ఈ ప్రయాణంలోనే.

షూరు అనగానే నిర్గమకాండం కంటే ముందు ఆదికాండం పదహారో అధ్యాయం గుర్తు చేసుకోవాలి. అబ్రాము (తర్వాత అబ్రాహాము) భార్య శారయి పెట్టే శ్రమ పడలేక, కడుపుతో ఉన్న ఆమె దాసి హాగరు పారిపోయింది ఈ షూరు మార్గంలోనే. హాగరు ఐగుప్తు (ఈజిప్టు) మనిషి. అంటే పుట్టింటి దారి పట్టిందన్నమాట. ఆ అధ్యాయంలో శారయి గానీ అబ్రాము గానీ ఆమెను పేరు పెట్టి పిలిచిన మాట ఒక్కటీ లేదు. వాళ్ల నోట "నా దాసి", "నీ దాసి" అనే వస్తుంది. నీటి బుగ్గ దగ్గర యెహోవా దూత మాత్రం "హాగరూ" అని పిలిచి, ఎక్కడి నుంచి వస్తున్నావు, ఎక్కడికి వెళ్తున్నావు అని అడిగాడు. అప్పుడామె తనతో మాట్లాడిన దేవునికి "చూచుచున్న దేవుడవు నీవే" అని పేరు పెట్టింది. బైబిల్లో ఒక మనిషి దేవునికి పేరు పెట్టడం అదే మొదటిసారి. పెట్టింది అబ్రాహాము కాదు, మోషే కాదు, ఇంట్లోంచి పారిపోయిన పనిమనిషి.

మా గుంపులో రాజోలు వైపు నుంచి వచ్చిన ఒక అక్క ఉంది. ఖద్దామా (ఇంటి పనిమనిషి) వీసా మీద కువైట్ వెళ్లి, చాలా ఏళ్లు ఇళ్లల్లో పని చేసి వచ్చింది. ఈ వచనాలు చదువుతుంటే కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కాసేపటికి నాతో అంది: "ఆ ఇంట్లో బాబా, మామా, అంటే యజమాని, యజమానురాలు, ఎవరూ నా పేరు అడగలేదమ్మా. నాకంటే ముందు చేసినావిడ పేరుతోనే నన్నూ పిలిచేవాళ్లు. రెండేళ్లు ఆ పేరుకే పలికాను. రాత్రి వంటగదిలో పడుకుని, ప్రభువా, నా పేరు నీకైనా గుర్తుందా అని అడిగేదాన్ని." ఆమె చేయి పట్టుకుని కూర్చోవడం తప్ప ఏం చెప్పాలో నాకు తోచలేదు. కోనసీమ నుంచి, కడప వైపు నుంచి అలా వెళ్లిన ఆడవాళ్లు మన సంఘాల్లో ఎంతమందో! వాళ్ల కోసం ప్రార్థన చేసేటప్పుడు యీరే, నిస్సీ అంటాం గానీ, హాగరు పెట్టిన ఆ పేరును తలచుకోవడం నేను ఎక్కువగా వినలేదు. అది నాకు బాధగానే ఉంది.

ఆయూన్ మూసా అనే చోట ఆగాం. ఖర్జూరపు చెట్లు, కొన్ని పాత బావులు, పూసల దండలు అమ్ముకునే బెదూయిన్ స్త్రీలు. నిర్గమకాండంలో చెప్పిన మారా ఇదేనని గైడ్లు చూపిస్తారు. ఐగుప్తు విడిచి, మూడు రోజులు నీళ్లు లేక నడిచిన ఇశ్రాయేలు జనానికి చివరికి దొరికిన నీళ్లు చేదైతే, అక్కడ "నిన్ను స్వస్థపరచు యెహోవాను నేనే" అన్న మాట వచ్చింది. ఆ ఎండలో గంటసేపు నిలబడ్డా చాలు, ఆ జనం సణుగుడు ఎందుకో అర్థమవుతుంది. ఆ తర్వాతి చోటు వాదీ ఫైరాన్‌ను, ఇశ్రాయేలీయులు దిగిన రెఫీదీము అంటారు. అక్కడ అమాలేకీయులతో యుద్ధంలో మోషే పైకెత్తి ఉంచిన చేతులు బరువెక్కితే అహరోను, హూరు చెరొక పక్క పట్టుకున్నారు. సాయంత్రానికి గెలిచాక బలిపీఠం కట్టి "యెహోవా నిస్సీ" అన్నాడు మోషే. ఇది ఒక్కడి బలంతో వచ్చిన పేరు కాదు, చేతులు పట్టినవాళ్లనూ తలచుకోవాలి.

సీనాయి కొండ ఎక్కడం అర్ధరాత్రి దాటాక మొదలైంది. ఎత్తు 2,285 మీటర్లు. కొండ కింద ఉన్న మఠం వెనక నుంచి సన్యాసులు పేర్చిన 3,750 మెట్ల దారి ఒకటుంది. మేము ఒంటెల దారిలో వెళ్లాం, అయినా చివరి 750 మెట్లు అందరూ ఎక్కాల్సిందే. మోకాళ్ల నొప్పి, చలి, టెన్షన్ అన్నీ కలిశాయి. నా పక్కన నడిచిన బెదూయిన్ కుర్రాడు ఆయాసం వచ్చినప్పుడల్లా "యా రబ్" అంటున్నాడు, నేను "ప్రభువా" అంటున్నాను. ఇద్దరం అదే పిలుపు పిలుస్తూ ఎక్కాం.

దిగాక కొండ కింద ఉన్న సెయింట్ కేథరీన్ మఠంలోకి వెళ్లాం. ఆరో శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి కట్టించినది. మండుచున్న పొద అని చూపించే పొద ఇప్పటికీ పచ్చగా గోడ మీదుగా వేలాడుతోంది. నీ పేరేమని చెప్పాలి అని మోషే అడిగిందీ, "ఉన్నవాడను" అని జవాబు వచ్చిందీ ఇక్కడే అంటారు. మిగతా పేర్లన్నీ ఆయన ఏం చేశాడో చెబుతాయి. ఇది మాత్రం ఆయన్నే చెబుతుంది. నాకు ఎప్పటికీ పూర్తిగా అందని పేరు ఇదే, అందకపోవడమే సరైనదని కూడా అనిపిస్తుంది.

యెరూషలేములో, పూర్వపు మందిర ఆవరణలో మిగిలిన పడమటి గోడ దగ్గర ఆడవాళ్లు నిలబడే వైపు నేనూ రాజోలు అక్కా పక్కపక్కనే ఉన్నాం. అబ్రాహాము "యెహోవా యీరే" అన్న మోరీయా కొండ మీదే సొలొమోను మందిరం కట్టాడని రెండవ దినవృత్తాంతాలు చెబుతుంది. కొడుకు మీద కత్తి ఎత్తిన తండ్రి నోటి నుంచి వచ్చిన పేరు అది, కొడుకుకు బదులు పొట్టేలు కనబడిన తర్వాత. మన దగ్గర అది ఇంటి లోన్ వస్తుందా అన్న ప్రార్థనలోకి కూడా వచ్చేసింది. అలా అడగడం తప్పని నేను అనను. కానీ ఆ కొండకు కొడుకును తీసుకుని అబ్రాహాము నడిచిన మూడు రోజుల నడకను మాత్రం మరిచిపోకూడదు.

మన బైబిల్లో యెహోవా అని ఉన్నచోట హెబ్రీలో ఉన్న నాలుగక్షరాల నామాన్ని యూదులు పైకి పలకరు. ప్రార్థనలో "అదోనాయ్" అంటారు, మామూలు మాటల్లో "హషేమ్" అంటారు. లేఖనాల్లో 6,800 సార్లకు పైగా రాసి ఉన్న ఆ నామాన్ని పూర్వం ప్రధాన యాజకుడు ప్రాయశ్చిత్త దినాన మందిరంలో పలికేవాడు, అది విన్న జనం సాష్టాంగపడేవారు. క్రీ.శ. 70లో రోమా సైన్యం మందిరాన్ని పడగొట్టాక ఆ పలకడమూ ఆగిపోయింది. గోడ మీద నుదురు ఆనించి ఏడుస్తున్న ఒక ముసలామెను చూశాను. ఆమె ఏ పేరుతో పిలుస్తోందో నాకు వినపడలేదు.

గెత్సేమనేలో ఒలీవ చెట్ల మధ్య మార్కు సువార్త పద్నాలుగో అధ్యాయం చదివాం. యేసు "నాయనా తండ్రీ" అన్న మాట దగ్గర పాస్టర్ గారి గొంతు పూడుకుపోయింది. మా నాన్నను పోగొట్టుకున్న ఏడాది అది. నేనూ ఆగలేకపోయాను.

అమ్మాన్ నుంచి తిరుగు ప్రయాణంలో కువైట్‌లో విమానం మారాలి. హైదరాబాద్ గేటు దగ్గర సగం మంది మనవాళ్లే, సెలవు మీద ఇంటికి వెళ్తున్న ఆడవాళ్లు. అక్క నేరుగా వాళ్ల మధ్యకు వెళ్లి కూర్చుంది. "ఏ ఊరమ్మా? నీ పేరేంటి?" అని ఒక్కొక్కరినీ అడిగింది. తర్వాత సంచిలోంచి బైబిల్ తీసి, ఆదికాండం పదహారో అధ్యాయం మొదటి నుంచి చదివి వినిపించింది.