గ్రాండ్ కాన్యన్ అంచు మీద: నేను పరుగున, నాన్న ఎర్ర బస్సులో

అరిజోనాలో ఫీనిక్స్ చుట్టుపక్కల మన తెలుగు రన్నింగ్ గ్రూపుల్లో గ్రాండ్ కాన్యన్ మాటొస్తే చాలు, అందరి నోటా 'రిమ్ టు రిమ్' ఒక్కటే. ఈ అంచు నుంచి లోయలోకి దిగి, కొలరాడో నది దాటి, అవతలి అంచు ఎక్కడం. అది చెయ్యకపోతే కాన్యన్‌లో పరిగెత్తినట్టే కాదన్న లెక్క. నేను దిగలేదు. సౌత్ కైబాబ్ ట్రెయిల్ మొదలయ్యే చోటు నుంచి పడమర చివర హెర్మిట్స్ రెస్ట్ దాకా, దక్షిణపు అంచు వెంబడి ఉన్న రిమ్ ట్రెయిల్ మొత్తం పరిగెత్తాను. 13 మైళ్లు, అంటే 21 కిలోమీటర్లు. "ఓ, టూరిస్టులు నడిచే దారా!" అన్నవాళ్లున్నారు. అవును, ఆ దారే.

దిగకపోవడానికి సగం కారణం మా నాన్న. జమ్మలమడుగు నుంచి వచ్చి ఫీనిక్స్ పక్కనే చాండ్లర్‌లో మా ఇంట్లో ఉన్నాడు. నేను లోయలోకి దిగితే ఆయన రోజంతా పైన కూచుని బిక్కుబిక్కుమంటూ ఎదురుచూడాలి. అంచు మీదైతే ఆ బెంగ లేదు. కాన్యన్ విలేజ్ నుంచి హెర్మిట్స్ రెస్ట్ దాకా ఏడు మైళ్ల రోడ్డు ట్రెయిల్ పక్కనే పోతుంది. మార్చి నుంచి నవంబరు దాకా ఆ రోడ్డు మీదికి సొంత కార్లను రానివ్వరు, పార్కు వాళ్ల ఉచిత బస్సులే తిరుగుతాయి. మ్యాపులో ఆ రూటుకి ఎరుపు రంగు. ఇదంతా నాన్నకి చెబితే, "అయితే ఎర్ర బస్సే కదమ్మీ, నేను చూసుకుంటాలే" అన్నాడు. అమ్మ, మా ఆయన పిల్లలతో ఇంట్లో ఉండిపోయారు.

ఇక ప్రాక్టీసు సంగతి. చాండ్లర్ ఎత్తు 1,200 అడుగులు, దక్షిణపు అంచు 7,000 అడుగుల దగ్గర. అంత ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే ఐదో వంతుకు పైనే తక్కువ. వేసవంతా తెల్లవారకముందే లేచి కాలవ గట్ల మీద పరిగెత్తాను, కానీ అవి చదునుగా ఉంటాయి. కాళ్లకు ఎక్కుడు దిగుడు అలవాటు కావాలని సౌత్ మౌంటెన్‌కి పోయేదాన్ని. ఎత్తు విషయంలో మాత్రం ఇంటి దగ్గరుండి చేసేదేమీ లేదు. ముందురోజే పార్కు బయట టుసయాన్‌లో దిగి, నీళ్లు బాగా తాగి పడుకున్నాం. నిద్ర సరిగా పట్టలేదు, నోరు పిడచగట్టుకుపోయింది. కొత్త ఎత్తులో అది మామూలే. వేగం లెక్కలు ఆ రాత్రే పక్కన పెట్టేశా. కింద కబుర్లు చెప్పుకుంటూ పరిగెత్తే వేగానికే ఇక్కడ రెండు నిమిషాల్లో ఆయాసం వస్తుంది.

ఎటు నుంచి ఎటు పరిగెత్తాలన్నది కూడా ఆలోచించుకోవాల్సిందే. నా ఓటు తూర్పు నుంచి పడమరకి. పొద్దుటి ఎండ వీపు మీద పడుతుంది, కళ్లలో కొట్టదు. జనం ఎక్కువుండే చోట్లన్నీ టూరిస్టులు కాఫీ తాగి బయటపడేలోపే దాటెయ్యచ్చు. సౌత్ కైబాబ్ దగ్గరికి సొంత కారు పోదు. విజిటర్ సెంటర్లో కారు పెట్టి ఆరెంజ్ రూటు బస్సు ఎక్కాలి. అక్టోబరు చలి, ఇంకా చీకటి, అయినా బస్సు నిండా జనమే. అందరి వీపునా పెద్ద సంచులు, చేతుల్లో కర్రలు. దిగాక వాళ్లంతా లోయవైపు, నేనొక్కదాన్నే పడమరవైపు. నాన్న నీలం రూటు బస్సెక్కి కాన్యన్ విలేజ్‌కి పోయాడు.

మొదట్లో అంతా తారు దారే. పైప్ క్రీక్ విస్టా అనే వ్యూపాయింట్ దాటేసరికి వెలుగొచ్చింది. లోయలో ముందు కొండల కొసలు ఎర్రబడ్డాయి, కింద ఇంకా చీకటే. మేథర్ పాయింట్ దగ్గర అప్పటికే ఫోన్లు పైకెత్తిన గుంపు ఉంది. అక్కడ పరుగాపి, "ఎక్స్‌క్యూజ్ మీ" అనుకుంటూ నడిచి దాటాను. వాళ్లు కెమెరాలోకి చూస్తూ వెనక్కి నడుస్తుంటారు, ఎదురొచ్చేవాళ్లు కనబడరు.

యవపాయ్ దగ్గర జియాలజీ మ్యూజియం నుంచి 'ట్రెయిల్ ఆఫ్ టైమ్' మొదలవుతుంది. 2010లో ఏర్పాటు చేశారు. నేలలో మీటరుకొక ఇత్తడి రంగు బిళ్ల బిగించారు, ఒక్కో మీటరు పది లక్షల ఏళ్లు. పడమరకు పోయేకొద్దీ కాలంలో వెనక్కి పోతాం. పరుగులో నా అడుగు దాదాపు మీటరుంటుంది, అంటే అడుగుకు పది లక్షల ఏళ్లు! 66 దగ్గర రాక్షసబల్లులు అంతరించాయి, నాకింకా ఒళ్లు కూడా వేడెక్కలేదు. 270 దగ్గర, మన కాళ్ల కింద అంచుగా ఉన్న కైబాబ్ సున్నపురాయి. దారి పక్కన లోయలోంచి తెచ్చిన రాళ్లు వయసు వరసలో నిలబెట్టారు, ఒక పక్క నున్నగా సానబట్టి, ముట్టుకుని చూడమన్నట్టు. విష్ణు షిస్ట్ అనే నల్లరాయి దగ్గర ఆగి గ్లవ్ తీసి చెయ్యి పెట్టాను. లోపల మెరుపు పొరలు నిలువుగా ఉన్నాయి. వయసు సుమారు 175 కోట్ల ఏళ్లు. మంచులాగా చల్లగా ఉంది, గ్లవ్ మళ్లీ తొడుక్కున్నాను.

విలేజ్‌లోకి రాగానే 1905 నాటి ఎల్ తోవర్ హోటల్ ముందు గడ్డిలో ఎల్క్‌ల మంద, అంటే పెద్ద జాతి దుప్పులు. అక్టోబరులో మగ ఎల్క్‌లు పొగరు మీద ఉంటాయి, 30 మీటర్ల దూరం ఉండాలని బోర్డులున్నాయి. చుట్టు తిరిగి పోయాను. నాన్న కాఫీ గ్లాసుతో గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. "ఏరు యాడుందమ్మీ? ఇంత పెద్ద గండి కొట్టిన ఏరు కనపడదేంది?" మా ఊరికి దగ్గర్లోనే గండికోట. అక్కడ పెన్న కళ్ల ముందే పారుతుంది. ఇక్కడ నది దాదాపు మైలు లోతున, లోపలి ఇరుకు గండిలో దాక్కుంటుంది. "పడమరకి పోతే కనబడుతుంది నాన్నా, హోపీ పాయింట్లో దిగు" అని చెప్పి, నీళ్లు నింపుకున్నాను. ఇది ముఖ్యం: ఇక్కడి నుంచి హెర్మిట్స్ రెస్ట్ దాకా, అంటే దాదాపు ఎనిమిది మైళ్లు, ఎక్కడా నీళ్లు దొరకవు. లీటరున్నర, ఉప్పు-చక్కెర పొడి, జేబులో శనక్కాయల చిక్కీ.

విలేజ్ దాటగానే బ్రైట్ ఏంజెల్ ట్రెయిల్ మొదలయ్యే చోటు నుంచి ట్రెయిల్‌వ్యూ అనే వ్యూపాయింట్ వైపు ఎక్కుడు. ఈ దారి మొత్తంలో గట్టిగా అనిపించే ఎక్కుడు ఇదొక్కటే. సిగ్గుపడకుండా నడిచాను. మేరికోపా పాయింట్ దగ్గర ఆర్ఫన్ మైన్ అనే పాత యురేనియం గని ఉండేది. నేషనల్ పార్కులో, అదీ లోయ అంచున, 1969 దాకా యురేనియం తవ్వారంటే నమ్మబుద్ధి కాదు.

పావెల్ పాయింట్లో 1869లో పడవల్లో ఈ నది వెంట దిగిన జాన్ వెస్లీ పావెల్ స్మారకం ఉంది. అమెరికా అంతర్యుద్ధంలో ఒక చెయ్యి పోగొట్టుకున్నాక చేసిన ప్రయాణం అది. అక్కడి నుంచే నాకు అసలు ట్రెయిల్ మొదలైందనిపించింది. తారు అయిపోయి మట్టిదారి వస్తుంది, పొలం గట్టంత వెడల్పు. పిన్యన్, జూనిపర్ చెట్ల వేర్లు, రాళ్లు. కొన్నిచోట్ల కుడిపక్క నాలుగడుగుల్లో అంచు, కంచె గించె ఏమీ లేదు. ఇక్కడ నేను పెట్టుకున్న నియమం ఒకటే: పరిగెత్తేటప్పుడు దారి చూడాలి, లోయ చూడాలనిపిస్తే ఆగిపోవాలి. చెప్పడం తేలికే. మలుపు తిరిగిన ప్రతిసారీ లోయ కొత్తగా కనబడి తల దానంతటదే కుడివైపు తిరుగుతుంది. అందుకే ఎక్కువసార్లు ఆగాను. రిమ్ టు రిమ్ వాళ్లకు దొరకనిది ఇదే. వాళ్లు లోయలోని ఒక్క దారినే దగ్గరగా చూస్తారు. అంచు మీద పోతుంటే అదే కొండ ముందు ఎదురుగా, తర్వాత పక్కకి, చివరికి వెనక్కి జరుగుతుంది. ఎండ ఎక్కేకొద్దీ రంగులు వెలిసిపోతాయి కూడా. ఎనిమిదింటికి ముదురెరుపుగా ఉన్న గోడ పదింటికి పాలిపోయింది.

హోపీ పాయింట్లో నాన్న నాకంటే ముందే దిగి ఉన్నాడు, ముఖం వెలిగిపోతోంది. కింద గోధుమరంగు గీతలాగా నది కనబడింది. దానికంటే బోర్డు ఇంకా నచ్చింది ఆయనకి. "శివా టెంపులంట! ఆ పక్క విష్ణు, బ్రహ్మ కూడా ఉన్నారంట. ఈ గుళ్లు ఎవరు పెట్టినారమ్మీ?" గుళ్లు కావు, కొండలు. 1880ల్లో క్లారెన్స్ డటన్ అనే జియాలజిస్టు పెట్టిన పేర్లతో ఈ వరస మొదలైంది. నేను చెబుతుండగానే ఆయన శివుడి కొండకు చేతులెత్తి దణ్ణం పెట్టేశాడు.

మోహవే పాయింట్ దాటాక 'ది అబిస్'. పాతాళమే. గోడ దాదాపు 900 మీటర్లు నిలువుగా దిగుతుంది. గాలి కూడా లేచింది, అక్కడ పూర్తిగా నడకే. మాన్యుమెంట్ క్రీక్ విస్టా నుంచి మళ్లీ వెడల్పాటి చదును దారి, సైకిళ్లు కూడా వస్తాయి. ఇయర్‌ఫోన్లు పెట్టుకోకపోవడం మేలు. చివరి మూడు మైళ్లూ నిజంగా పరిగెత్తింది ఇక్కడే. పీమా పాయింట్లో చిక్కీ తీశానో లేదో ఉడత ఒకటి బూటు మీదికే ఎక్కింది. ముద్దుగానే ఉంటాయి కానీ కరుస్తాయి, కాలు విదిలించి కదిలాను.

హెర్మిట్స్ రెస్ట్ 1914లో మేరీ కోల్టర్ డిజైన్ చేసిన రాతి కట్టడం. లోపల మనిషి దూరేంత పెద్ద చలిమంట గూడు. ఆగిన సమయం కలుపుకుని నాకు నాలుగు గంటలు కాస్త అటూ ఇటూ పట్టింది. కాళ్ల కంటే ముందు పెదవులు పగిలిపోయాయి, వ్యాజిలీన్ తప్పకుండా పెట్టుకోండి. తిరుగు బస్సు అన్ని పాయింట్లలో ఆగదు. పీమా, మోహవే, పావెల్ దగ్గర మాత్రమే. మధ్యాహ్నానికి క్యూ పెరుగుతుంది కాబట్టి ఫొటోలు తర్వాత, ముందు లైన్లో నిలబడాలి.

చాండ్లర్ చేరాక మెట్లు దిగడానికి నేను గోడ పట్టుకుంటుంటే అమ్మ ఏమైందని అడిగింది. నాన్నే జవాబు చెప్పాడు: "ఇది పరిగెత్తింది, నేను బస్సులో పోయినా. ఇద్దరం ఒక్క పొద్దుకే చేరినాం. బస్సు ఫ్రీ అని చెప్తే ఇంటేనా!"