వయసు కాగితం

నిన్న బెంగళూరులో బాలల న్యాయమండలికి ఒక తల్లికి తోడు వెళ్లాను. ఆదోని వైపు నుంచి వచ్చి మారతహళ్లి దగ్గర బిల్డింగ్ పని చేసుకునే కుటుంబం. కొడుకు మీద సెల్‌ఫోన్ దొంగతనం కేసు. ఆమెకు కన్నడం రాదు, మధ్యలో నేను.

"ఆధార్‌లో పుట్టిన తేదీ ఉంది కదన్నా!" అంటుంది. కానీ పిల్లాడికి 18 నిండాయో లేదో తేల్చడానికి బాలల న్యాయచట్టం 94వ సెక్షన్ ముందు బడి సర్టిఫికెట్ అడుగుతుంది. అది లేకపోతే పంచాయతీదో మున్సిపాలిటీదో జనన పత్రం. రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష, అదీ వయసు ఉజ్జాయింపుగానే చెబుతుంది. పని వెంట ఊళ్లు తిరిగే పిల్లాడికి రికార్డు ఎక్కడ నిలుస్తుంది?

2015లో ఈ చట్టం వచ్చినప్పట్నుంచి గొడవంతా 16 దాటినవాళ్లను పెద్దవాళ్లలా విచారించాలా వద్దా అన్నదాని మీదే. అది ఘోర నేరాల సంగతి. ఇలాంటి చిన్న కేసు 4 నెలల్లో, పొడిగిస్తే ఇంకో 2 నెలల్లో తేలకపోతే మూసేయాలని అదే చట్టంలో 14వ సెక్షన్ చెబుతోంది. టీవీ చర్చల్లో ఈ మాట ఎప్పుడైనా విన్నారా? నేనైతే వినలేదు. నన్నడిగితే ముందు ప్రతి మండలి దగ్గరా వలస కుటుంబాల భాష తెలిసిన మనిషి ఉండాలి. మిగతా వాదనలు తర్వాత.

పిల్లాడు ఊళ్లో మూడో తరగతి దాకా చదివాడట. ఆదోని వైపు టీచర్లు ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి, పాత అడ్మిషన్ రిజిస్టర్ వెతికించాలి.