గుర్రం కాళ్ళు కడిగినందుకు పడ్డ చీవాట్లు

2023 నవంబరులో ఒక సాయంత్రం. సాయంత్రం అంటే నాలుగున్నరే, కానీ అప్పటికే చీకటి పడిపోయింది. ఒక పోనీ (పొట్టి జాతి గుర్రం) కాళ్ళకు మోకాళ్ళ దాకా బురద ఉంటే పైపు పెట్టి శుభ్రంగా కడిగి, తువ్వాలుతో తుడిచి, వీపు మీద చదరపు మీటరుకి రెండు వందల గ్రాముల ఫిల్లింగ్ ఉన్న రగ్గు కప్పి, పని బాగా చేశానన్న తృప్తితో నిలబడ్డాను. అప్పుడే దాని యజమానురాలు వచ్చింది. అరవై దాటిన మనిషి. కాళ్ళ వంక చూసింది, రగ్గు వంక చూసింది. "ఎవరు కడగమన్నారు నిన్ను?" అంది. బురద ఉంది కదా మేడమ్ అన్నాను. ఆవిడ బకిల్స్ తీసి రగ్గు లాగి గేటు మీద పడేసి, "మీ కింది ఊళ్ళ వాళ్ళకి ఇది తెలియదు లవ్. ఇక్కడ పైనుంచి పడే నీళ్ళు చాలు" అంది.

ఇక్కడ ఇంగ్లండ్ వాయవ్యాన ఉన్న లాంకషైర్‌లో బస్సు డ్రైవర్ దగ్గర్నుంచి దుకాణంలో అమ్మాయి దాకా అందరూ అందరినీ 'లవ్' అనే పిలుస్తారు, అందులో కోపమూ ఉండొచ్చు, ప్రేమా ఉండొచ్చు. నన్ను పొడిచింది ఆ మాట కాదు, 'కింది ఊళ్ళ వాళ్ళు' అన్న మాట. మొదట ఇండియాని అంటోంది అనుకుని లోపల మండింది. ఒక నిమిషం ఆగాక అర్థమైంది, ఆవిడ అంటున్నది తూర్పు ఇంగ్లండ్‌లో ఉన్న రేసు గుర్రాల ఊరు న్యూమార్కెట్‌ని. నేను అక్కడి నుంచి వచ్చానని ఆవిడకు తెలుసు. లాంకషైర్ వాళ్ళకి అది కింద, అంటే దక్షిణాన ఎక్కడో ఉన్న ఊరు, వాన తెలియని ఊరు.

మా నాన్న ముప్పై ఏళ్ళు హైదరాబాద్ మలక్‌పేట రేస్‌కోర్సులో సయీసు, అంటే గుర్రాల్ని చూసుకునే మనిషి. నేను లాయాల పక్కనే పెరిగాను. లద్దె ఎత్తడం, మాలీష్ చెయ్యడం, దాణా కలపడం ఎవరూ నేర్పకుండానే వచ్చేశాయి. 2016లో న్యూమార్కెట్ వచ్చాను. రేసు గుర్రాల పని తెలిసినవాళ్ళకి అది పుట్టిల్లు లాంటి ఊరు, అక్కడ ట్రైనింగ్‌లో ఉండే గుర్రాలే వేలల్లో ఉంటాయి, మన హైదరాబాద్ వాళ్ళు, రాజస్థాన్ వాళ్ళు పొద్దున్నే స్ట్రింగ్‌లో, అంటే వరసగా కసరత్తుకి వెళ్ళే గుర్రాల గుంపులో, హిందీలో మాట్లాడుకుంటూ కనిపిస్తారు. ఏడేళ్ళు అక్కడ చేశాక నా భార్యకు ఇటువైపు ఒక ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. అలా పెన్నైన్ కొండల అంచున, బర్న్లీకి దగ్గర్లో, ఇరవై రెండు గుర్రాలున్న ఒక లివరీ యార్డులో చేరాను. లివరీ అంటే గుర్రం వాళ్ళది, కొట్టం, మేత, మనం చేసే చాకిరీ అద్దెకి. చేరిన మూడో వారంలోనే ఈ చీవాట్లు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాన నాకు తెలియదా? 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో కురిసిన వానకి మా వీధిలో నడుము లోతు నీళ్ళు వచ్చాయని, మంచాలు, టీవీ మేడ మీదకి ఎక్కించామని మా వాళ్ళు ఫోన్‌లో ఏడుస్తూ చెప్తే విన్నవాణ్ణి. చిన్నప్పుడు జులైలో లాయం ముందు నీళ్ళు నిలిస్తే నాన్నతో పాటు కాలువ తీసినవాణ్ణి. మన ఊళ్ళో వానంటే పండగా, భయమూ రెండూ. ఇక్కడ తుంపర లాంటిది పడుతూ ఉంటే, గొడుగు కూడా తెరవరు, దాన్ని పట్టుకుని నాకు పాఠం చెప్పడమేంటి? మనసులో ఆవిడతో చాలాసేపు వాదించాను.

తర్వాత లెక్కలు చూశాను, ఊరికే కోపం తీర్చుకుందామనే. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు కురుస్తుంది. న్యూమార్కెట్‌లో 600 దగ్గర. అంటే నేను ఏడేళ్ళు బతికిన ఇంగ్లండ్ మా ఊరికంటే పొడి ఊరు! అదే దేశంలో, ఐదారు గంటలు కారులో వెళ్తే కంబ్రియాలో సీత్‌వెయిట్ అనే ఊరు ఉంది, అక్కడ ఏడాదికి 3,500 మిల్లీమీటర్లు. మనవాళ్ళకి చెప్పాలంటే ఇది అనంతపురం కథే. పడమటి కనుమలు మబ్బుల్ని ఆపేస్తే అనంతపురం ఎండిపోయినట్టు, ఇక్కడ అట్లాంటిక్ మీద నుంచి వచ్చే నైరుతి గాలి వేల్స్ కొండల మీద, లేక్ డిస్ట్రిక్ట్ మీద, ఈ పెన్నైన్ల మీద నీళ్ళన్నీ కుమ్మరించేసి తూర్పుకి పొడిగా దిగుతుంది. న్యూమార్కెట్ ఇంగ్లండ్‌కి అనంతపురం. మా యార్డు మాత్రం కనుమలకి వాన పడే పక్కన ఉంది.

అయినా మిల్లీమీటర్లతో ఈ సంగతి తేలదు. నాకు అది ఆ చలికాలమంతా పని చేశాక తెలిసింది. హైదరాబాద్ వాన కుండపోతగా పడి పోతుంది, మర్నాడు ఎండ కాస్తుంది, మధ్యాహ్నానికి గుర్రం వీపు మీద దుమ్ము లేస్తుంది. ఇక్కడ పడిన నీళ్ళకంటే ఆరని రోజులు ఎక్కువ. అక్టోబరులో తడిసిన తాడు మార్చి దాకా తడిగానే ఉంటుంది. గేటు కొక్కెం తడి, హెడ్ కాలర్ తడి, చేతి తొడుగులు తడి, చీపురు కర్ర కూడా తడి. ఒకప్పుడు ఈ తడి గాలిలో నూలు తెగదని ఈ లోయల నిండా బట్టల మిల్లులు పెట్టారట. అదే గాలిలో ఒక రగ్గు ఆరాలంటే నాలుగు రోజులు. పైగా నేనొచ్చిన ఏడాది మామూలు ఏడాది కూడా కాదు. 2022 అక్టోబరు నుంచి 2024 మార్చి దాకా ఆ పద్దెనిమిది నెలల్లో ఇంగ్లండ్ మొత్తం మీద పడినంత వాన, 1836లో లెక్కలు మొదలైన దగ్గర్నుంచి ఏ పద్దెనిమిది నెలల్లోనూ పడలేదని మెట్ ఆఫీస్, అంటే ఇక్కడి వాతావరణ శాఖ వాళ్ళు చెప్పారు.

కాళ్ళు ఎందుకు కడగకూడదో అప్పుడు అర్థమైంది. న్యూమార్కెట్‌లో థరోబ్రెడ్, అంటే రేసు జాతి గుర్రం, కాళ్ళు సన్నం, వెంట్రుక పలచన, పరుగు కసరత్తు నుంచి రాగానే కడిగి తుడిస్తే అరగంటలో ఆరిపోతాయి. కింద సుద్దరాయి నేల కాబట్టి నీళ్ళు కూడా నిలవవు. ఇక్కడ బంకమట్టి. నల్లరేగడి చేలో వానాకాలం చెప్పులు ఎలా ఊడిపోతాయో తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆవిడ పోనీ ఫెల్ జాతిది, దానికి గిట్టల మీద జూలు లాగా ఒత్తయిన వెంట్రుకలుంటాయి. పైపుతో కడిగితే బురద పోతుంది, నీళ్ళు మాత్రం చర్మం దాకా దిగి రాత్రంతా అక్కడే ఉంటాయి. చర్మం నాని పగిలితే అందులోకి బాక్టీరియా దూరుతుంది, పొక్కులు, రసి, వాపు. మడ్ ఫీవర్ అంటారు. అదే వీపు మీద వస్తే రెయిన్ స్కాల్డ్. అందుకే ఇక్కడివాళ్ళు బురదని అలాగే ఎండనిచ్చి పొద్దున బ్రష్‌తో దులుపుతారు. మురికి గుర్రాన్ని కొట్టంలో కట్టి ఇంటికి పోవడం మా నాన్న చూస్తే ఊరుకునేవాడు కాదు, నాకూ చేతులు రాలేదు చాలా రోజులు.

ఇక రగ్గు. మర్నాడు పొద్దున ఆవిడ నన్ను పిలిచింది. రాత్రంతా పోనీ బయటే ఉంది, వాన ఆగలేదు, పైనంతా నీళ్ళు కారుతున్నాయి. "చెయ్యి పెట్టు" అంది. జూలు కింద పైవెంట్రుకల్ని పాయ తీసి నా వేళ్ళు లోపలికి తోసింది. లోపల పొడిగా ఉంది, వెచ్చగా ఉంది. కంబ్రియా కొండల జాతి అది. పైన జిడ్డుగా ఉండే పొడుగు వెంట్రుక నీటిని జార్చేస్తుంది, కింద ఉన్ని లాంటి పొర వెచ్చదనాన్ని పట్టుకుంటుంది. నేను కప్పిన రగ్గు ఆ వెంట్రుకల్ని అణిచేసి, తడిని లోపలే మూసి పెట్టిందన్నమాట. నేను ముప్పై నాలుగేళ్ళ వయసులో, పుట్టినప్పటి నుంచి గుర్రాల మధ్య ఉండి, ఒక గుర్రం చర్మం గురించి అంత ఆశ్చర్యపోవడం అదే మొదటిసారి.

అలాగని ఇక్కడ ఎవరూ రగ్గులు వాడరని కాదు. మా యార్డులో ఆవిడ ఒక్కతే అలా. మిగతా వాళ్ళు రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్‌లో మెసేజ్ పెడతారు, రేపు ఏడు డిగ్రీలట, వందది తీసి రెండు వందలది వెయ్యి, మెడ కవర్ కూడా. ఒకరు వేయమంటారు, పక్క కొట్టం వాళ్ళు తీయమంటారు. ఇది చూస్తే నాకు మా అమ్మ గుర్తొస్తుంది, డిసెంబరులో హైదరాబాద్ పద్నాలుగు డిగ్రీలకి దిగితే చాలు మంకీ క్యాప్ పట్టుకుని వెంటపడేది. గుర్రానికి చలి మనకి వేసినట్టు వేయదు, ఐదు డిగ్రీలు దానికి హాయిగానే ఉంటుంది, గాలి, వాన కలిసి కొడితేనే ఇబ్బంది. ఈ సంగతి వాళ్ళకీ తెలుసు. తెలిసినా ప్రేమ ఆగదు కదా. నాకు చిరాకు వస్తుంది, నిజమే, రోజుకి నలభై బకిల్స్ చలికి మొద్దుబారిన వేళ్ళతో తీసి పెట్టేవాడికి రాకుండా ఎలా ఉంటుంది. కానీ దూరంగా ఉన్న మనిషి ఇంకో జీవి కోసం ఆ రాత్రి టెంపరేచర్ చూస్తోందంటే ఆ చిరాకు పూర్తిగా నిలబడదు.

న్యూమార్కెట్ తరఫున కూడా ఒక మాట చెప్పాలి, ఏడేళ్ళు అన్నం పెట్టిన ఊరు. అక్కడేదో సుఖమని ఇక్కడివాళ్ళు అనుకుంటారు. 2018 ఫిబ్రవరి చివర తూర్పు గాలి తిరిగినప్పుడు, బీస్ట్ ఫ్రమ్ ది ఈస్ట్ అన్నారు దాన్ని, సైబీరియా చలి సముద్రం దాటి ముందు మా మీదే పడింది. పైపులు గడ్డకట్టాయి, మూడు రోజులు ఇంట్లోంచి వేడినీళ్ళు బకెట్లతో మోశాం. 2022 జులై 19న లింకన్‌షైర్‌లో కోనింగ్స్‌బీ దగ్గర 40.3 డిగ్రీలు నమోదైంది, ఈ దేశం అంత ఎండ ఎప్పుడూ చూడలేదు. కొన్నిచోట్ల రేసులు రద్దు చేశారు. మా యార్డులో తెల్లారకముందే గుర్రాలని బయటికి తీసి, ఎండెక్కేలోపు లోపల పెట్టేశాం. అందరూ కంగారు పడుతుంటే ఆ ఒక్క రోజు మా హెడ్ ల్యాడ్, అంటే యార్డు పనివాళ్ళ పెద్ద, నా దగ్గరికి వచ్చి మీ ఊళ్ళో ఏం చేస్తారు అని అడిగాడు. చల్లటి నీళ్ళు ఆపకుండా పోస్తూనే ఉండాలని, ఎప్పుడు ఆపాలో గుర్రం ఊపిరే చెప్తుందని చెప్పాను. ఆ వేసవి గడ్డి మాడి గోధుమరంగుకి తిరిగింది, జులైలోనే చలికాలం మేత విప్పారు.

మేత దగ్గరా ఇంతే తేడా. మంచి ఎండుగడ్డి చెయ్యాలంటే నాలుగైదు పొడి రోజులు వరసగా కావాలి, తూర్పున దొరుకుతాయి. పడమటి వైపు దొరక్క, సగం ఎండగానే ప్లాస్టిక్‌లో చుట్టేసి హేలేజ్ చేస్తారు, విప్పితే పులిసిన వాసన. స్కాట్లండ్ తూర్పున పెంచేవాళ్ళకి ఇంకో భయం, వసంతంలో చల్లగా, పొడిగా ఉన్న రోజుల్లో గ్రాస్ సిక్‌నెస్ అనే, పేగులు పనిచెయ్యకుండా చేసే జబ్బు అక్కడే ఎక్కువ. పడమటి హైలాండ్స్ తడిలో మిడ్జ్ అనే సన్నటి ఈగలు కుడితే గుర్రాలు జూలు ఊడేదాకా గీరుకుంటాయి. ఒక్కొక్కరికి ఒక్కో దిగులు.

నాన్నకి వారానికోసారి వీడియో చేస్తాను. మొదట్లో కాళ్ళు కడగని సంగతి చెప్తే నమ్మలేదు. "గదేంది రా, బురద కాళ్ళతోని పండవెడ్తరా గుర్రాన్ని?" అన్నాడు. జిడ్డు వెంట్రుకల గురించి, లోపలి ఉన్ని గురించి చెప్పాను, ఆవిడలాగే నేనూ కెమెరా ముందు పాయ తీసి చూపించాను. చాలాసేపు చూశాడు. "మంచి జాన్వరు" అన్నాడు చివరికి. తర్వాత రగ్గులు ఆరేసే గది చూపించమంటే చూపించాను, వరసగా వేలాడుతున్న వాటిని మెల్లగా లెక్కపెట్టాడు, ఇన్ని ఎప్పుడు ఆరతయి అన్నాడు. ఆరవు నాన్నా అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. "మరి నీ సాక్సులు?" అన్నాడు.

రేడియేటర్ మీద నాలుగు జతలున్నాయి అప్పుడు. మూడు ఆరాయని చెప్పాను.