భీమిలి ఒడ్డు, నిషేధం రోజులు

తెల్లవారి ఐదున్నరకి భీమిలి ఒడ్డున ఫైబర్ బోట్లన్నీ ఇసకమీదే ఉన్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఇంజన్లు విప్పి ఇళ్ళకి పట్టుకుపోయారు. తెడ్లతో నడిచేవాటికి మినహాయింపు ఉంది కాబట్టి పెద్దవల లాగడం చూడగలిగాను.

ఒక తాడు కొస ఒడ్డున వదిలి, పడవ సముద్రంలోకి వెళ్ళి, అరచక్రంలా వల దింపుకుంటూ వచ్చి రెండో కొస దూరంగా చేరుస్తుంది. అటో జట్టు, ఇటో జట్టు లాగుతూ ఒకరివైపు ఒకరు జరుగుతారు. ఒక జట్టు ముందుపడితే మధ్యలో ఉన్న సంచి పక్కకి తిరిగి చేప జారిపోతుంది. అంతకన్నా ముఖ్యం గుండ్లు కట్టిన అడుగుతాడు. ఒడ్డు దగ్గర అది బెత్తెడు లేచినా కవళ్ళ చేపలు కిందినుంచి దూరిపోతాయి. అందుకే చివర్లో ఇద్దరు మోకాటిలోతు నీళ్ళలో దిగి దాన్ని కాళ్ళతో తొక్కిపట్టారు. సంచి కన్ను మాత్రం మరీ సన్నం. వేలెడు పిల్లచేపలూ పడ్డాయి, అది నాకు బాధగానే అనిపించింది.

ఇక్కడ డచ్చివాళ్ళ సమాధులు చూడ్డానికి చాలామంది వస్తారు. నా కళ్ళు మాత్రం అలలమీదే. అప్పట్లో ఓడలు దూరంగా లంగరు వేసుకుంటే, సరుకునీ మనుషుల్నీ ఒడ్డుకి చేర్చింది మసూలా పడవలు. వాటికి మేకు ఉండదు, లోపల పక్కటెముకల్లాంటి చట్రం ఉండదు. పలకల్ని కొబ్బరితాడుతో కుట్టేవారు. అల ఎత్తి ఇసకమీద కుదేస్తే, మేకులు కొట్టిన గట్టిపడవ పగులుతుంది, కుట్టింది బుట్టలా వంగి మళ్ళీ నిలుస్తుంది. కాకపోతే కుట్టురంధ్రాల్లోంచి నీరు ఊరుతూనే ఉంటుంది, ఒకరు తోడుతూనే ఉండాలి. తాడు నానినానీ చివికితే విప్పి మళ్ళీ కుట్టాలి. ఎంత తెలివైన పనితనమో!

ఫైబర్‌కి ఆ వంగుడు లేదు. వరసలో మూడో బోటు అడుగున జానెడు పగులు. మొదట ఉప్పు పోయేలా మంచినీళ్ళతో కడిగి, ఎండలో బాగా ఆరబెట్టి, చుట్టూ గరుకు కాగితంతో రుద్ది, ఫైబర్ మ్యాటు (గాజునార చాప) పరిచి రెజిన్ అనే జిగురు పూశారు. లోపల తడి మిగిలితే అతుకు కొన్నాళ్ళకే పొరలా లేచి ఊడిపోతుందట. రెజిన్‌లో గట్టిపరిచే మందు కలిపాక తాత్సారం కుదరదు, డబ్బాలోనే బిగుసుకుపోతుంది. అందుకే మ్యాటు ముక్కలన్నీ ముందే కోసి పక్కన పెట్టుకున్నారు.