చర్య జరగకపోయినా 88 శాతం దిగుబడి

మైలుతుత్తం (కాపర్ సల్ఫేటు) ద్రావణంలో ఇనుప మేకును ఉంచితే దానిపై ఎర్రటి రాగి పేరుకోవడం, ద్రావణం నీలిరంగు తగ్గి క్రమంగా లేతాకుపచ్చకు తిరగడం పదో తరగతి చదివిన వారందరికీ తెలిసిన స్థానభ్రంశ చర్యే. ఇంటర్మీడియట్ విద్యార్థులతో నేను ఇదే చర్యను మేకుకు బదులు సన్నని ఇనుప పొడితో, పక్కన త్రాసు పెట్టుకుని చేయిస్తాను. రంగు మారిందని గమనించడంతో ఆగకుండా, ఎంత ఇనుము కరిగి ఎంత రాగిని బయటికి తెచ్చిందో తూచి చెప్పాలన్నది ఇందులో ఉద్దేశం.

లెక్క సులువైనదే. ఇనుము పరమాణు భారం 55.85, రాగిది 63.55. ఒక ఇనుప పరమాణువు రెండు ఎలక్ట్రాన్లను వదిలి ద్రావణంలోకి పోతే, వాటిని తీసుకుని ఒక రాగి అయాను లోహంగా బయటపడుతుంది కాబట్టి, 1 గ్రాము ఇనుముకు 1.138 గ్రాముల రాగి రావాలి. ఇనుము మూడేసి ఎలక్ట్రాన్లను వదిలి ఉంటే ఆ బరువు 1.707 గ్రాములు అయ్యేది. అంటే ద్రావణంలో ఏర్పడింది ఫెర్రిక్ సల్ఫేటు కాదని, ఫెర్రస్ సల్ఫేటని, అంటే అన్నభేది అని, త్రాసే చెబుతుంది. ఆ 1 గ్రాము ఇనుమే ముందుగా అయిపోవాలంటే మైలుతుత్తం కనీసం 4.47 గ్రాములు కావాలి. నేను 6 గ్రాములు తీసుకోమంటాను. మైలుతుత్తం స్ఫటికంలో అయిదు నీటి అణువులు ఉంటాయని మరచి, అణుభారం 249.7కు బదులు 159.6తో లెక్క కడితే 2.86 గ్రాములే చాలనిపిస్తుంది, అప్పుడు ఇనుములో మూడో వంతుకు పైగా చర్యలో పాల్గొనకుండా మిగిలిపోతుంది.

దిగుబడి, అంటే రావలసిన 1.138 గ్రాములతో పోల్చితే తూకానికి వచ్చినది ఎంత శాతమన్నది, నూరు దాటితే విద్యార్థులు వెంటనే కంగారు పడతారు. 1.21 గ్రాములు వచ్చాయంటే అది 106 శాతం. చాలాసార్లు దానికి కారణం తడి మాత్రమే. మళ్లీ ఆరబెట్టి, వరుసగా రెండు తూకాలు ఒక్కటిగా వచ్చేదాకా తూస్తే అది దిగివస్తుంది. తొందరపడి మంటపై గట్టిగా వేడిచేస్తే మాత్రం రాగి నల్లబడుతుంది, పూర్తిగా కాపర్ ఆక్సైడుగా మారితే బరువు నాలుగో వంతు పెరుగుతుంది. అందుకే చివరిసారి ఎసిటోనుతో కడిగి, మంటకు దూరంగా, సన్నని వేడిలో ఆరబెట్టిస్తాను.

నిజానికి నన్ను కలవరపెట్టేది 106 శాతం కాదు, 98.8 శాతం. ఆ సంఖ్యను చూసిన వారెవరూ ప్రయోగాన్ని శంకించరు. కానీ ఇనుములో పదో వంతు చర్య జరపకుండా రాగిలో కలిసి ఉండిపోయిందని అనుకుందాం. కరిగిన 0.90 గ్రాముల ఇనుముకు 1.024 గ్రాముల రాగి వస్తుంది, మిగిలిన 0.10 గ్రాము ఇనుము దానితోపాటే తూగుతుంది, మొత్తం 1.124 గ్రాములు, దాన్ని 1.138తో భాగిస్తే సరిగ్గా ఆ 98.8 శాతమే. సగం ఇనుము మిగిలిపోయినా 94 శాతం కనిపిస్తుంది. ఇంకా ముందుకు వెళితే, అసలు చర్యే జరగక, వేసిన ఇనుప పొడినే కడిగి ఆరబెట్టి తూచినా, ఆ 1 గ్రాము 88 శాతం దిగుబడిగా లెక్కకు వస్తుంది. రెండు లోహాల పరమాణు భారాలు ఇంత దగ్గరగా ఉండటం వల్ల, వడపోత కాగితంపై ఉన్నది ఏ లోహమన్నది ఈ తూకం దాదాపు పట్టించుకోదు. ఈ లెక్కను నల్లబల్లపై వేసినప్పుడు తరగతి నిశ్శబ్దమైపోతుంది, అక్కడి నుంచే అసలు ప్రయోగం మొదలవుతుందని నేను భావిస్తాను.

జింకుతో చేస్తే పరిస్థితి తలకిందులవుతుంది. జింకు పరమాణువు రాగి పరమాణువుకన్నా బరువైనది కాబట్టి 1 గ్రాముకు రావలసిన రాగి 0.972 గ్రాములే, చర్య జరగని జింకు దిగుబడిని పెంచి చూపిస్తుంది. అల్యూమినియం 1 గ్రాముకు 3.53 గ్రాముల రాగి రావాలి కనుక లోహం మిగిలిపోతే తూకమే పట్టిస్తుంది గానీ, దాని పైనున్న ఆక్సైడు పొర మైలుతుత్తం ద్రావణంలో చర్యను మొదలు కానివ్వదు; కాస్త ఉప్పు వేస్తేనే అది కదులుతుంది.

ఇనుము ఎందుకు మిగులుతుంది? చర్య సమతాస్థితికి చేరి మధ్యలో ఆగడం వల్ల మాత్రం కాదు. ఎలక్ట్రాన్లను తీసుకునే మొగ్గును వోల్టుల్లో చెప్పే ప్రమాణ ఎలక్ట్రోడ్ పొటెన్షియళ్లు రాగికి +0.34 వోల్టులు, ఇనుముకు −0.44 వోల్టులు, 0.78 వోల్టుల ఆ తేడాకు సమతాస్థితి స్థిరాంకం 10 ఘాతం 26 స్థాయిలో ఉంటుంది, అంటే చర్య దాదాపు చివరిదాకా పోవలసిందే. అడ్డుపడేది, పుట్టిన రాగే ఇనుప రేణువు చుట్టూ పొరగా కప్పుకోవడం. పొడి సన్నగా ఉండాలని, ద్రావణం వేడిగా ఉండాలని, గాజు కడ్డీతో ఆపకుండా కలపాలని నేను పట్టుబట్టేది ఇందుకే. వడపోసిన ద్రావణంలో నీలం మిగిలి ఉంటే ఇనుము అయిపోయినట్లేనని కొందరు అనుకుంటారు. మైలుతుత్తం ఎక్కువగా వేశామని తప్ప ఆ నీలం మరేమీ చెప్పదు.

అందుకే తూచిన పొడిని రెండు పరీక్షలకు పెట్టిస్తాను. కాగితం కింద అయస్కాంతాన్ని జరిపితే ఇనుము ఉన్న రేణువులు దాని వెంట కదులుతాయి, రాగి కదలదు. తర్వాత అదే పొడిని గోరువెచ్చని సజల సల్ఫ్యూరికామ్లంలో బుడగలు ఆగేదాకా కలిపి, కడిగి, ఆరబెట్టి మళ్లీ తూస్తారు. ఆ ఆమ్లంలో ఇనుము కరుగుతుంది, రాగి లోహం కరగదు. పైన చెప్పిన ఉదాహరణలో 1.124 గ్రాములు 1.024కు, దిగుబడి 98.8 నుంచి 90 శాతానికి పడిపోతాయి. వచ్చిన మంచి సంఖ్య చేజారిందని విద్యార్థులు బాధపడతారు. రికార్డులో రెండు తూకాలనూ పక్కపక్కనే రాయమంటాను, వాటి మధ్య తేడా ఎక్కడి నుంచి వచ్చిందో వివరించిన వారికి, 90 శాతమే వచ్చినా, పూర్తి మార్కులు వేస్తాను.