చుక్కాని ముందు కంపాసుకు కొత్త చోటు

చెన్నై కాసిమేడు రేవులో ఉన్న మా మావయ్య ఫైబర్ పడవలో కంపాసును ఈ మధ్య ఒక చోటు నుంచి మరో చోటికి మార్చాము. పాత చోట అది చుక్కాని చక్రానికి బాగా ఎడమగా ఉండేది. పడవ నడిపేవాడు దానిని ఎప్పుడూ ఏటవాలుగానే చూడవలసి వచ్చేది. అలా చూసినప్పుడు కంపాసులో పడవ ముక్కు దిశను చూపే ముందు గీతకూ, ముల్లుతో పాటు తిరిగే అంకెల బిళ్ళకూ మధ్య ఉన్న ఎడం వల్ల రెండు మూడు డిగ్రీలు తప్పుగా చదవడం మామూలే.

జీపీఎస్ ఉండగా దీనికింత శ్రమ ఎందుకని రేవులో కొందరు అడిగారు. జీపీఎస్ పడవ సాగుతున్న దారిని చెబుతుందే గాని పడవ ముక్కు ఎటు తిరిగి ఉందో చెప్పదు. రాత్రి వల వేసి ఇంజన్ ఆపి తేలుతున్న పడవకు ఆ దారి కూడా ఉండదు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు దొరికే తావులను రేవు నుంచి దూరం, దిశ, కోణాలతో ప్రకటిస్తుంది. ఆ కోణాన్ని పట్టుకుని 60 కిలోమీటర్లు పోయే పడవకు అయిదు డిగ్రీల తప్పు ఉంటే, చేరవలసిన చోటికి అయిదు కిలోమీటర్ల అవతల తేలుతుంది.

చక్రానికి నేరుగా ఎదురుగా, కంటికి అనువైన ఎత్తులో బిగిస్తే సరిపోతుందనుకోవడం సహజమే. అయితే కంపాసు చోటును కన్ను ఒక్కటే నిర్ణయించకూడదని, చుట్టూ ఉన్న ఇనుమును, తీగలను అడిగిన తరువాతే రంధ్రం వేయాలని నా అభిప్రాయం. ఈ విషయంలో చెన్నై వాళ్ళం కొంత అదృష్టవంతులము. భూమి అయస్కాంత మధ్యరేఖ దక్షిణ భారతపు కొసకు దగ్గరగా పోతుంది. కేరళలోని తుంబాలో 1963లో రాకెట్ ప్రయోగాలు మొదలుపెట్టడానికి ఆ చోటును ఎంచుకున్నది కూడా అందుకే. ఇక్కడ భూక్షేత్రం, అంటే భూమి అయస్కాంత క్షేత్రం, దాదాపు నేలకు సమాంతరంగా ఉండి, ముల్లును తిప్పే బలం 40 మైక్రోటెస్లాల (అయస్కాంత క్షేత్రానికి కొలత) దాకా ఉంటుంది, లండన్‌లోనైతే అందులో సుమారు సగమే. కాబట్టి అక్కడ పడవను దారి తప్పించే చిల్లర అయస్కాంతం ఇక్కడ అంత చెరుపు చేయలేదు. అసలు ఉత్తరానికీ అయస్కాంత ఉత్తరానికీ తేడా కూడా చెన్నైలో రెండు డిగ్రీల లోపే కనుక, కంపాసులో అంతకు మించి కనిపించే తప్పును చాలావరకు పడవ సొంత ఖాతాలోనే వేయవచ్చు.

బిగించే ముందు కంపాసును కొత్త చోట టేపుతో అంటించి, పడవను రేవు గట్టుకు తాళ్ళతో కదలకుండా కట్టి, ఒక్కొక్క పరికరాన్ని వేసి ఆర్పుతూ బిళ్ళ మీద కన్నుంచాము. వైపరు మోటారుకు బిళ్ళ కొద్దిగా వణికింది. వీహెచ్ఎఫ్ రేడియో మైకును కొక్కేనికి తగిలించగానే నెమ్మదిగా పక్కకు జరిగింది, ఎందుకంటే ఆ మైకులోనే స్పీకరు అయస్కాంతం ఉంటుంది. అన్నిటికన్నా ఎక్కువగా తిప్పింది సెర్చిలైటు తీగ. 12 వోల్టుల మీద 10 ఆంపియర్లు లాగే దీపానికి పోయే ఒంటి తీగ పది సెంటీమీటర్ల దూరంలో 20 మైక్రోటెస్లాల క్షేత్రాన్ని పుట్టిస్తుంది. అది ఇక్కడి భూక్షేత్రంలో సగం. అడ్డంగా పనిచేస్తే ముల్లును 25 డిగ్రీలకు పైగా తిప్పగలదు. చిన్న అయస్కాంతం ప్రభావం దూరం రెట్టింపైతే ఎనిమిదో వంతుకు పడిపోతుంది, ఒంటి తీగ ప్రభావం మాత్రం సగానికే తగ్గుతుంది. అందువల్ల మైకు కొక్కేన్ని జానెడు జరిపితే పని జరిగింది గాని, తీగల విషయంలో దూరాన్ని నమ్ముకోకుండా పోయే తీగనూ వచ్చే తీగనూ కలిపి జడలా పేని వేయవలసి వచ్చింది. రెండింటి ప్రవాహాలూ ఎదురెదురు కాబట్టి ఒకదాని క్షేత్రాన్ని మరొకటి కొట్టివేస్తుంది.

అప్పటికీ మూడు డిగ్రీల తప్పు మిగిలింది. అది డాష్‌బోర్డు మీది ఆంజనేయస్వామి విగ్రహానిదని తేలింది, అడుగున అయస్కాంతపు బిళ్ళ ఉంది. “సామిని కదపకురా అల్లుడా, కావాలంటే కంపాసునే ఇంకో పక్కకి జరుపు” అన్నాడు మావయ్య. నేను అడుగునున్న ఆ అయస్కాంతాన్ని మాత్రం ఊడదీసి విగ్రహాన్ని అదే చోట జిగురుతో అంటించాను. ఆయన కాసేపు అనుమానంగా చూసి ఊరుకున్నాడు. చక్రం ఉక్కుదైతే దానిని ఈ కొస నుంచి ఆ కొసకు పూర్తిగా తిప్పి కూడా బిళ్ళను గమనించాలి, చాలామంది ఈ పరీక్షను వదిలేస్తారు.

బిగింపుకు ఇత్తడి మరలు వాడాము. స్టెయిన్‌లెస్ పేరుతో అమ్మేవన్నీ అయస్కాంతానికి అంటుకోకుండా ఉండవు కనుక, చెన్నై ప్యారిస్ కార్నర్ సందుల్లోని దుకాణాలకు జేబులో చిన్న అయస్కాంతం వేసుకుని వెళ్ళడం మంచిది. కంపాసు ముందు గీత పడవ నడిమి గీతకు సమాంతరంగా ఉండాలి, దాని మీదే ఉండనక్కరలేదు.

సరిచూడడం తెల్లవారుజామున, గాలి లేచేలోగా, రేవు గోడల లోపల చేశాము. జీపీఎస్‌తో పోల్చేటప్పుడు ప్రవాహాన్ని మరచిపోకూడదు. ఈశాన్య రుతుపవనాల కాలంలో ఈ తీరం వెంబడి నీరు దక్షిణానికి పారుతుంది. అయిదు నాట్ల (ఒక నాటు అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) వేగంతో తూర్పుకు పోయే పడవను ఒక్క నాటు ప్రవాహం పక్క నుంచి తోస్తే జీపీఎస్ దారి 11 డిగ్రీలు వాలిపోతుంది, ఆ తేడాను చూసి కంపాసును “దిద్దితే” మంచి కంపాసు పాడవుతుంది. కంపాసులో తప్పును దిద్దే మరలు రెండు ఉంటాయి. ఉత్తరానికి నడిపి మొదటి మరను ఇత్తడి స్క్రూడ్రైవరుతో తిప్పి తేడా మొత్తాన్ని పోగొట్టి, దక్షిణానికి తిరిగి అక్కడ కనిపించిన తేడాలో సగాన్ని మాత్రమే తీసేయాలి. తూర్పు పడమరలకు రెండో మరతో ఇదే పద్ధతి. అన్ని దిక్కులలోనూ ఒకే పక్కకు, ఒకే కొలతలో తప్పు వస్తుంటే మరలు తిప్పి లాభం లేదు. అప్పుడు కంపాసే వంకరగా బిగిసిందన్నమాట, దాని పెట్టెను కాస్త తిప్పి బిగించాలి.

మా పడవలో పడమరకు రెండు డిగ్రీలు మిగిలాయి. దాని వెంటపడకుండా ఎనిమిది దిక్కుల తేడాలను కాగితం మీద రాసి, ప్లాస్టిక్ అట్ట వేసి కంపాసు కింద అంటించాము. కొత్త రేడియో పెట్టినా, ఇంజన్ మార్చినా, దగ్గరలో పిడుగు పడినా ఆ కాగితాన్ని చించేసి మళ్ళీ మొదటి నుంచి చూడాలని మావయ్యకు చెప్పి ఉంచాను.